లోడు బండి కొంటున్నారా? షోరూములో చెప్పే మైలేజీ ఖాళీ బండిది, జాగ్రత్త

రోజూ బరువు మోయడానికి చిన్న గూడ్స్ బండి కొనబోతున్నవారు ముందు ఇది చదవండి, అడ్వాన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు. నర్సీపట్నంలో మాకు సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. సరుకులో సగం చుట్టుపక్కల పల్లెలకు వెళ్తుంది, మిగతా సగం లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి వైపు వెళ్తుంది. షోరూములో కూర్చోగానే ఈ మాటే చెప్పాను: యాభై కిలోల బస్తాలు ముప్పై వేయాలి, ఘాటు ఎక్కాలి, డీజిల్ తక్కువ తాగాలి. "పేలోడు, అంటే మోసే సరుకు బరువు, టన్నున్నర సార్, మీ ముప్పై బస్తాలకు లెక్క సరిగ్గా సరిపోయింది. నిండు లోడుతో కూడా మైలేజీ లీటరుకు 17కు తగ్గదు" అని సేల్స్ కుర్రాడు అంటే, మేనేజరు పక్కనే నిలబడి తల ఊపాడు. షోరూము పేరు, బండి పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీల బళ్లు కొన్నవారికి కూడా ఇదే పాట వినిపించారు కాబట్టి పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు. పాట తెలియాలి.

ట్రయల్ ఎలా చూపిస్తారో చెబుతాను, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. బండి ఖాళీ. రోడ్డు చదునైన బైపాస్. వేగం నలభై, నలభై అయిదు. డ్యాష్‌బోర్డు మీద డీజిల్ ఆదా చేసే ఎకో మీట నొక్కి ఉంది. బండి టాప్ గేరులో పడి సాఫీగా సాగుతున్నప్పుడు కుర్రాడు మాటల్లోనే ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చాడు. అంటే బయలుదేరినప్పుడు, గేర్లు మార్చినప్పుడు తాగిన డీజిల్ ఆ లెక్కలోకి రాదు. కాసేపటికి తెర మీద 21 కనిపించింది. "చూశారా సార్" అన్నాడు. తొట్టిలో ఇరవై బస్తాలు వేసి చూద్దాం, సిమెంటు నాదే, కూలీ కూడా నేనే ఇస్తాను అన్నాను. డెమో బండిలో లోడు వేయడానికి కంపెనీ ఒప్పుకోదట. బరువు మోసే బండికి బరువు వేసి చూపించరు! దీనికి ఏ షోరూములోనైనా ఒకటే జవాబు.

ఇక పేలోడు. రిజిస్ట్రేషన్ పత్రంలో రెండు బరువులు ఉంటాయి: ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి మించకూడని మొత్తం బరువు. మా బండికి మొదటిది 1,490 కిలోలు, రెండోది 2,990. తీసేస్తే 1,500. కాగితం మీద అబద్ధం లేదు. కానీ తొట్టికి ఎత్తు గ్రిల్లు, టార్పాలిను ఫ్రేము, అడుగున మందపు రేకు వేయించుకోవాలని షోరూమువారే ఒక బాడీ షెడ్డుకు పంపారు. దాని బరువు ఎంత అని అడిగితే "ఎంతో ఉండదు సార్" అన్నారు. డీజిల్ నింపి, స్టెప్నీ, జాకీ, తాళ్లతో సహా కాటా మీద పెడితే స్లిప్పులో 1,700 వచ్చింది. దీనికి తోడు, చట్టం ప్రకారం ఖాళీ బండి బరువులో డ్రైవరు, సహాయకుడి బరువు కలవదు. వాళ్లు ఎక్కితే ఆ బరువు సరుకు వాటాలోంచే పోతుంది. డ్రైవరు, ఇద్దరు కలాసీలు కలిసి ఎంత లేదన్నా 190 కిలోలు. 2,990లోంచి ఆ 1,700, ఈ 190 తీసేస్తే మిగిలింది 1,100. అంటే 22 బస్తాలు కాటాకు సరిగ్గా అంచున నిలుస్తాయి కాబట్టి నిశ్చింతగా వేయగలిగేవి 21. ముప్పై కోసం డబ్బు కట్టిన బండి ఇది.

"అందరూ ఎక్కువే వేస్తారు సార్, ఏమీ కాదు" అని రెండో మాట చెప్పారు. ఏమీ కాకపోవడం ఏమిటి? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షన్ చూడండి. పరిమితి మించితే 20,000 రూపాయలు, ఆపైన మించిన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. ప్రమాదం జరిగితే ఓవర్‌లోడు పేరుతో బీమా కంపెనీ పేచీ పెడుతుంది. వెనుక కమాను పట్టీలు అదనంగా వేయించుకుంటే బండి కుంగదు, నిజమే. కాగితం మీద బరువు మాత్రం పట్టీలతో పెరగదు, బ్రేకుల సత్తా కూడా పెరగదు. ఘాటు దిగేటప్పుడు ఆ సంగతి మా డ్రైవరును అడగండి, చెబుతాడు.

మైలేజీ విషయం. కింద పల్లెలకు లోడుతో తిరిగితే లీటరుకు 13 వస్తోంది. ఘాటు ఎక్కిన రోజున పోనురాను కలిపితే 10, 11. బండిలో లోపం ఉందేమోనని సర్వీసు సెంటరులో చూపించాను, ఏ లోపమూ లేదన్నారు. ఉండదు కూడా. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. బండి, సరుకు, మనుషులు కలిపి మూడు టన్నుల బరువును అంత ఎత్తుకు చేర్చాలంటే, దూరం మాట పక్కన పెట్టినా, కేవలం ఆ ఎత్తు కోసమే దగ్గర దగ్గర రెండున్నర లీటర్ల డీజిల్ కాలుతుంది. ఏ కంపెనీ ఇంజనుకైనా ఇది తప్పదు. దిగేటప్పుడు బండి పెద్దగా తాగదు, కానీ ఎక్కేటప్పుడు తాగింది తిరిగి రాదు. ఎకో మీట నొక్కి ఘాటు ఎక్కిద్దామంటే మలుపుల్లో బండి ఈడ్చలేదు, రెండో గేరులో మూలుగుతుంది. కాబట్టి షోరూములో చూసిన ఆ మీట మాకు చదును రోడ్డు మీద తప్ప పనికి రాదు.

అసలు కిలోమీటర్ల మైలేజీ చూసి లోడు బండి కొనడమే తలకిందుల లెక్క. బస్తాకు ఎంత డీజిల్ అయింది అన్నదే లెక్క. మాకు చింతపల్లికి అరవై బస్తాలు పంపాలనుకోండి, పోనురాను వంద కిలోమీటర్లు అనుకుందాం. ఈ బండి మూడుసార్లు తిరగాలి, సుమారు 28 లీటర్లు. నాలుగు టన్నుల దాకా మోసే పధ్నాలుగు అడుగుల బండి అదే ఘాటులో లీటరుకు 7 ఇచ్చినా ఒక్కసారిలో పనైపోతుంది, 14 లీటర్లు చాలు. డ్రైవరు బత్తా, కలాసీల కూలీ కూడా ఒక్కసారికే. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బళ్లను తేలికపాటి వాహనాలకు ఇచ్చే ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది కాబట్టి, పెద్ద బండికి డ్రైవరు దొరకడేమో అన్న భయం కూడా చాలావరకు అక్కర్లేదు. రోజుకు పది బస్తాలు వెళ్లే దుకాణానికి మాత్రం పెద్ద బండి దండగ, అది వేరే సంగతి.

ఇప్పుడు క్లచ్ గురించి, ఎందుకంటే ఎక్కువ కోపం వచ్చింది అక్కడే. కొత్త బండి క్లచ్ ప్లేటు ఘాటులో కాలిపోయింది. వారంటీ అడిగితే క్లచ్ ప్లేటు అరిగే సామాను, వారంటీలోకి రాదన్నారు. ఆపైన "ఓవర్‌లోడు వేసి ఉంటారు" అని జాబ్ కార్డు (బండికి చేసిన పని రాసే చీటీ) మీద రాశారు. ప్రతి లోడుకూ కాటా స్లిప్పు దాచే అలవాటు మా దుకాణంలో ఉంది కాబట్టి ఆ కట్ట తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఆ వాక్యం కొట్టేసి కొత్త జాబ్ కార్డు ఇచ్చారు. డబ్బు మాత్రం నేనే కట్టాను.

డీజిల్ కాక సీఎన్‌జీ తీసుకోమని కూడా కొందరు చెబుతారు. సిలిండర్ల బరువు మళ్లీ పేలోడులోంచే పోతుంది, మూడేళ్లకోసారి వాటికి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో పరీక్ష చేయించాలి, దాని మైలేజీ చెప్పేది కిలోకు, లీటరుకు కాదు. మైదానంలో, పంపు దగ్గరగా ఉన్న ఊళ్లో అది లాభమే కావచ్చు. మా ఘాటుకు సరిపడదు. ఊళ్లోనే రెండు, మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే డెలివరీలు చేసేవారికి ఇంకో మాట: 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బళ్లలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఆగకుండా మంచి వేగంతో సాగాలి. సందుల్లోనే తిరిగితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, సర్వీసు సెంటరు చుట్టూ తిరగాలి. ఈ ముక్క అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

మీరు కొనేముందు అదే మోడలు బండి మీ సరుకే మోస్తున్న యజమానిని వెతికి పట్టుకోండి. ఆయన బండి రెండుసార్లు ట్యాంకు నిండా కొట్టించి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించి చూడండి. తెర మీద అంకె వద్దు. బాడీ పని ఉంటే రిజిస్ట్రేషనుకు ముందే చేయించి కాటా వేయించండి. కొటేషన్ మీద "తొట్టి, గ్రిల్లు, ఇద్దరు మనుషులతో కలిపి మిగిలే లోడు ఇన్ని కిలోలు" అని రాసి సంతకం పెట్టమనండి.

ఆ సంతకం ఎందుకంటే, మేము ఇచ్చిన ఫిర్యాదుకు షోరూము జవాబు ఒక్క వాక్యమే: మైలేజీ, బస్తాల లెక్క కొటేషన్‌లో లేవు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా ఇంకో మెలిక ఉంది. వ్యాపారం కోసం కొన్నవారిని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నారని చూపగలిగితేనే కేసు నిలుస్తుంది. సొంతంగా బండి నడుపుకునేవారికి ఇది అనుకూలం, నాలాంటి దుకాణదారుకు వాదించుకోవలసిన విషయం. ముందుగా జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైనులో నమోదు చేయించాను. షోరూమువారు మాత్రం రెండు సర్వీసులు ఉచితంగా చేస్తామని, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఫోను చేశారు. తీసుకోలేదు.