ముహూర్తానికి తాళాలు రాలేదు: ఆగడమా, అడ్వాన్స్ వెనక్కి అడగడమా?

గురువారం ఉదయం ఏడుంబావుకి ముహూర్తం. ఎంవీపీ కాలనీ నుంచి సామాను వేసుకొచ్చిన బండి మధురవాడలో ఇంటి ముందు ఆగింది. పాలగిన్నె మా ఆవిడ ఒళ్లో ఉంది. తలెత్తి చూస్తే బాల్కనీలో దండెం మీద పాతవాళ్ల బట్టలు ఆరుతున్నాయి. "నాలుగు రోజులు సర్దుకోండి బాబూ" అన్నాడు ఓనరు. ఆ నాలుగు పన్నెండయ్యాయి. పాలు మా వదిన వాళ్ల స్టవ్ మీదే పొంగాయి.

ఆగాలా వద్దా అన్నది ఆలస్యం దేనివల్లో చూసి తేల్చుకోవాలి. రంగులు ఆరలేదనో, మోటారు కాలిందనో అంటే ఆగొచ్చు. వెళ్లి చూస్తే పని ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. లోపల ఇంకా మనుషులుంటే మాత్రం ఆ తేదీ ఓనరు చేతిలో కూడా లేదు. వాళ్లకి ఇల్లు దొరికితేనే మనకి దొరుకుతుంది. నేను ఆగి దెబ్బతిన్నది ఇక్కడే.

ఆగేటట్టయితే ఊరికే తలూపొద్దు. అద్దె తాళాలిచ్చిన రోజు నుంచే మొదలని, ఫలానా తేదీ దాటితే అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తానని ఓనరు చేత వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. లాడ్జి, గోడౌన్, రెండోసారి ఎక్కింపు దింపుడు కూలి, అన్నిటికీ రసీదులు దాచుకోవాలి. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. గడువు తప్పకూడదన్న ఒప్పందంలో ఆలస్యంగా ఇచ్చినదాన్ని తీసుకుంటే, "ఈ ఆలస్యానికి నష్టపరిహారం అడుగుతాను" అని తీసుకునేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే 1872 కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం తర్వాత అడిగే వీల్లేదు. నేను తాళాలు తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చాను!

"పోనీ, పైన పోర్షన్ ఖాళీగా ఉంది, అందులో దిగండి" అనే ఓనర్లూ ఉంటారు. తాత్కాలికమే అయితే ఫరవాలేదు, కానీ బీరువా రెండుసార్లు మోయాలి. నాకైతే నచ్చదు.

ఇక మానుకోవడం. లోపల మనుషులుండి, వెళ్లే తేదీ వాళ్లే చెప్పలేకపోతే నా ఓటు దీనికే. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, మనం అడిగినప్పుడు ఇల్లు స్వాధీనం చేయడం ఓనరు బాధ్యత అని 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అందుకని "మీరే వద్దన్నారు, టోకెన్ పోయినట్టే" అంటే ఒప్పుకోకండి. మాట తప్పింది ఆయన. డబ్బిచ్చేయమని తేదీ పెట్టి ముందు మెసేజ్, తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. అప్పటికీ కదలకపోతే కోర్టు కంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి తీసుకెళ్తారు, ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలుండదు. బ్రోకర్ కమిషన్ సంగతి వేరు, అది రాబట్టడానికి నోరుండాలి.

మొన్న సీతమ్మధారకి మారేటప్పుడు టోకెన్ మాత్రమే ఇచ్చి, మిగతా అడ్వాన్స్ తాళాలు చేతిలో పడ్డాకే ఇస్తానన్నాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు సాయంత్రం అటువైపు వెళ్లి బాల్కనీ కూడా చూసొచ్చాను. దండెం ఖాళీగా ఉంది.