ఏడు లివర్ల గోద్రెజ్ నవ్‌తాల్: లోపల ఏముందో చూశాకే కొన్నాను

ఊరెళ్లిన ప్రతిసారీ గేటు గురించే టెన్షన్, ఎందుకంటే మా పాత తాళంకప్ప ఓసారి పక్కింటివాళ్ల షెడ్డు తాళంచెవితో కూడా తెరుచుకుంది. అందుకే ఈసారి నవ్‌తాల్ కొనే ముందు, మా వీధిలో తాళాలు బాగుచేసే పెద్దాయన్ని అడిగితే పాడైన లివర్ తాళం ఒకటి విప్పి చూపించారు.

లోపల పల్చటి రేకుల్లాంటి లివర్లు ఒకదాని మీద ఒకటి, ఒక్కోదాన్నీ కిందికి నొక్కిపట్టే చిన్న స్ప్రింగు. తాళంచెవికి ఉన్న గాట్లు ఒక్కో లివర్‌ను ఒక్కో ఎత్తుకు లేపుతాయి, అన్నింటిలోని సందులూ ఒకే వరుసలోకి వస్తేనే గడియకున్న మేకు వాటిలోంచి జరుగుతుంది. ఒక్కటి తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు! ఈ ‘ఎక్కువ లేచినా’ అనే కిటుకు 1778లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బారన్ పేటెంట్ తీసుకున్నది, అంతకుముందు పైకి లేపితే చాలు తెరుచుకునేవట. ఒక్కో లివర్‌కు నాలుగు ఎత్తులే అనుకున్నా ఏడింటికి 16,384 రకాల తాళంచెవులు వస్తాయి, నాకైతే ఆ లెక్క చూశాకే ధైర్యం వచ్చింది.

చేతిలో మంచి బరువుంది, తాళంచెవి తడబడకుండా తిరుగుతోంది, ధర కాస్త ఎక్కువే అయినా నాకు బాధ లేదు. నూనె మాత్రం పోయకండి, దుమ్ము పట్టి లివర్లు అతుక్కుంటాయి, గ్రాఫైట్ పొడి వేయండి. గొళ్లెం కూడా గట్టిది వేయించండి, రంపంతో గొళ్లేన్ని కోసేస్తే లోపల ఎన్ని లివర్లున్నా ఏం చేస్తాయి.