నాలుగు భాగాల ఫాంటసీ నవలకి లిబ్రేఆఫీస్ రైటర్: కొన్నేళ్లు వాడాక

నా ఫాంటసీ నవల నాలుగు భాగాలు. మొదటిది సొంత ఖర్చుతో అచ్చయింది. రెండోది ప్రూఫుల్లో ఉంది, మూడోది సగం దాకా వచ్చింది, నాలుగోది ఇంకా నోట్సే. అంతా లిబ్రేఆఫీస్ రైటర్‌లోనే రాస్తున్నాను. వర్డ్ లాంటి ప్రోగ్రామే, ఉచితం కదా అని మొదలుపెట్టాను గానీ, ఇప్పుడు ఇంకోటి చేతిలో పెట్టినా మారబుద్ధి కాదు.

ముందు ఒక సెట్టింగు. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్కు పెట్టాలి. గుణింతాలు, ఒత్తులు కలిసిపోయే లిపుల కోవ అది, రైటర్ తెలుగుని అందులో లెక్కేస్తుంది. ఇంగ్లీషుకి ఒక ఫాంటు, తెలుగుకి ఒక ఫాంటు, సైజు కూడా విడివిడిగా ఇవ్వాలి. ఇది తెలియక "ఎంత మార్చినా అక్షరం మారట్లేదు" అని విసుగెత్తి వదిలేసినవాళ్లున్నారు. కథకి మండలి, అధ్యాయాల పేర్లకి రామభద్ర అనే ఫాంట్లు వాడాను. రెండూ ఓపెన్ లైసెన్సువే, అచ్చుకి వాడినా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

వరస నవల రాసేవాడి అసలు తలనొప్పి పేర్లు. రెండో భాగం మధ్యలో ఉండగా నవల్లోని కోట పేరు మేఘదుర్గాన్ని మేఘకోటగా మార్చాలనిపించింది. ఇంగ్లీషు రచయితకి ఇది ఒక్క క్లిక్కు. మనకి మేఘదుర్గం, మేఘదుర్గంలో, మేఘదుర్గానికి, మేఘదుర్గపు ద్వారం... విభక్తి తగిలితే మాట చివరే మారిపోతుంది. మామూలుగా వెతికితే మొదటి రెండే దొరుకుతాయి. రీప్లేస్ పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కి టిక్కు పెట్టి, అంటే ఒకే నమూనాతో పలు రూపాలు వెతకమని చెప్పి, మేఘదుర్గ(ం|పు|ాని) అని ఇస్తే (నిలువు గీతంటే "లేదా") మూడు రకాలూ ఒకేసారి మేఘకోట అవుతాయి. "మేఘదుర్గానికి" చక్కగా "మేఘకోటకి" అయి కూర్చుంటుంది. "మేఘదుర్గాన్ని" మాత్రం మిగులుతుంది, దానికి ఇంకో విడత. దీర్ఘం గుర్తు విడిగా కొట్టినప్పుడు పక్కన చుక్కల సున్న కనబడుతుంది, కంగారు పడొద్దు. ఈ ఒక్క సదుపాయం కోసమే నేను రైటర్‌ని అంటిపెట్టుకున్నాను.

అధ్యాయాల పేర్లకి హెడింగ్ స్టైల్ ఇస్తే, జాబితా చూపించే నావిగేటర్‌లో వరసగా కనబడతాయి. అక్కడే పట్టుకుని పైకీ కిందికీ జరపొచ్చు, అధ్యాయం మొత్తం కదిలిపోతుంది. విడివిడి ఫైళ్లని ఒక పుస్తకంగా కలిపే మాస్టర్ డాక్యుమెంట్ అని ఇంకోటి ఉంది, నాకు అవసరం పడలేదు. భాగానికో ఫైలు చాలు.

ప్రెస్సు గడప దగ్గర కథ మారుతుంది. మా ఊళ్లో డీటీపీ (పేజీలు కూర్చే పని) ఇంకా 2001 నాటి పేజ్‌మేకర్ 7లోనే నడుస్తోంది. దానికి యూనికోడ్ (ఇప్పుడు కంప్యూటర్లలో, ఫోన్లలో మనం కొట్టే తెలుగు) పడదు, పాత పద్ధతి కోడింగున్న అను ఫాంట్లు కావాలి. ఏదో కన్వర్టర్‌తో మార్చి తెచ్చిన ప్రూఫుల్లో కొన్ని ఒత్తులు మాయం. పుస్తకమంతా మళ్లీ అక్షరమక్షరం చదవడమా? దండం పెట్టి ఫైలు వెనక్కి తెచ్చుకున్నాను. రైటర్‌లోనే పేజీని డెమ్మీ అనే పుస్తకం సైజుకి పెట్టి, పీడీఎఫ్ చేసి, డిజిటల్ ప్రింటింగ్ చేసేవాళ్లకి ఇచ్చాను. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి కాబట్టి స్క్రీన్ మీద ఉన్నదే కాగితం మీదికి వచ్చింది. కాపీ ఒక్కింటికి, వందలు వేలుగా అచ్చేసే ఆఫ్‌సెట్ కన్నా ఎక్కువే పడింది, కానీ వెయ్యి కాపీలు వేయించి మంచం కింద తొక్కే బాధ తప్పింది.

రైటర్ పీడీఎఫ్ ఆర్జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో, వస్తుంది. నలుపు తప్ప రంగు లేని లోపలి పేజీలకి ఫరవాలేదు, ప్రెస్సువాళ్లు గ్రేస్కేల్ చేసుకుంటారు. అట్టకి మాత్రం సీఎంవైకే (అచ్చు సిరాల రంగులు) ఉన్న స్క్రైబస్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాం వాడాలి. 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. భాగానికొకటి వేరుగా తీసుకోవాలి.

ఇక స్పెల్‌చెక్. సంధి కలిసిన ప్రతి మాట కిందా ఎర్ర గీతే. నేను పూర్తిగా ఆపేశాను. ప్రూఫులకి మనిషిని పెట్టుకుంటున్నాను, ఆవిడకి వర్డే అలవాటు కాబట్టి డాక్స్ ఫైలే పంపుతాను. దిద్దుబాట్లు చూపించే ట్రాక్ చేంజెస్ గుర్తులు అటూ ఇటూ బాగానే దాటుతున్నాయి.