నెవాడాలో యూఎస్ 50: ఒంటరి రోడ్డని పేరు, అంతే

ఇల్లు కార్సన్ సిటీలో, పనేమో తరచూ యూటా వైపు. అలా ఏళ్ల తరబడి ఈ రోడ్డు నాకు అలవాటైపోయింది. తొందరున్నవాళ్లు ఉత్తరాన ఇంటర్‌స్టేట్ 80 ఎక్కుతారు. అది దూరం తరిగించే రోడ్డు, ఇది చూస్తూ పోయే రోడ్డు.

1986లో లైఫ్ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అంది. చూడ్డానికి ఏమీ లేదు, ప్రాణాలతో బయటపడగలమన్న నమ్మకం ఉంటేనే వెళ్లండంటూ ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) ప్రతినిధి అన్న మాటనూ వేసింది. నెవాడా వాళ్లు అలగలేదు. ఆ పేరునే బోర్డులకెక్కించి, ఊరూరా ముద్ర వేయించుకునే పుస్తకం ఒకటి అచ్చేసి పంచారు. గడుసువాళ్లు! నిజానికి ఇది ఎప్పట్నుంచో జనం నడిచిన దారే. 1860లో పోనీ ఎక్స్‌ప్రెస్ టపా గుర్రాలు ఇటే పరుగెత్తాయి. మరుసటి ఏడాది టెలిగ్రాఫ్ తీగ రాగానే ఆ టపా మూతపడింది. 1913లో దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపే లింకన్ హైవే వచ్చింది, 1926లో 50 నంబరు పడింది.

ఫాలన్ ఊరు దాటాక తెల్లటి ఉప్పు మైదానం. రోడ్డు పక్క కట్ట మీద జనం నల్లరాళ్లు ఏరి పేర్లు పేరుస్తారు. దిగి నడిస్తే కాలి కింద ఉప్పు పెచ్చు పటపటమంటుంది. కొన్ని పేర్లలో రాళ్లు జారి సగం అక్షరాలే మిగిలుంటాయి.

ఇక్కడి నేల తూర్పు పడమరలకు సాగి విరగడంతో కొండలు ఉత్తర దక్షిణాలుగా వరసలు కట్టాయి. రోడ్డు వాటిని అడ్డంగా దాటాలి. అందుకే ఎక్కడం, దిగడం, ఓ చదును లోయ, మళ్లీ ఎక్కడం. కనుమ మీద నిలబడితే అవతలి కొండదాకా రోడ్డు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఎదురొచ్చే కారు లైటు కనబడ్డ చాలాసేపటికిగానీ కారు మన దగ్గరకు రాదు. అన్నిటికన్నా ఎత్తు ఈలీ ఊరి అవతలి కానర్స్ పాస్ కనుమ, 7,722 అడుగులు.

ఫాలన్, ఆస్టిన్ ఊళ్ల మధ్య మిడిల్‌గేట్ దాటాక వీలైతే 722 నంబరు రాష్ట్ర రోడ్డు పట్టండి. 1967 దాకా అసలు 50 అదే. మలుపులెక్కువ, బళ్లు తక్కువ.

ఫాలన్ నుంచి ఆస్టిన్‌కి 110 మైళ్లు. ట్యాంకు నింపుకునే బయల్దేరండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కంచెలేని చోట ఆవులు రోడ్డెక్కుతాయి. చీకటి పడితే జింకల టెన్షన్. చలికాలం కనుమల్లో మంచు. శాకాహారులు పులిహోర కట్టుకోవడం మంచిది.

ఐదుకి నాలుగు చుక్కలిస్తా. కోసిన ఒక్కటీ దారి మధ్య పెట్రోల్ రేటుకి.