పాత జీపులో అమ్మ కోసం చేసిన సీటు, ఆరేళ్ల వాడకం తర్వాత

మాది నాన్న కొన్న మహీంద్రా సీజే3బీ, 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం) ఉన్న పొట్టి జీపు. ముందు రెండు సీట్లు, వెనక చక్రాల గూళ్ల మీద అటొక బల్ల ఇటొక బల్ల. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లిలో చెల్లి ఇంటికి వెళ్తుంటే, ఆ బల్ల మీద పక్కకు తిరిగి కూర్చున్న అమ్మకి రెండు మలుపులకే కడుపులో తిప్పేసేది, దారంతా నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని ఉండేది. ముందు కూర్చోమంటే "మీ నాన్నకి మోకాళ్లు కదరా, ఆయన్ని కూర్చోనీ" అనేది.

అందుకే 2018లో ఎడమ బల్ల తీసేసి, ముందుకు చూసే ఒంటి సీటు నేనే చేశాను. ఇప్పుడు నిమ్మకాయ గొడవ లేదు. ఆ ఒక్క కారణానికైనా మళ్లీ చేస్తాను.

ఫ్రేము అంగుళం స్క్వేర్ పైపు, వెల్డింగ్ మా వీధి చివర షాపులో. మొదటిసారి నేను చేసిన తప్పు, బోల్టులు ఉత్త వాషర్లతో ఫ్లోరు రేకుకే బిగించడం. నాలుగు నెలలకి అమ్మ "సీటు ఊగుతోందిరా" అంది. టార్చి పట్టుకుని కిందికి దూరి చూస్తే ఒక బోల్టు చుట్టూ వెంట్రుకంత పగులు, పక్కదాని దగ్గర రేకు బొబ్బలా పైకి లేచింది. అమ్మని దాని మీద కూర్చోబెట్టి ఘాట్ ఎక్కించానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ముందు కాళ్లు రెండూ ఫ్లోరు కింద అడ్డంగా ఉండే ఇనప చానెల్ మీదకి వచ్చేలా జరిపి, వెనక కాళ్లకి కింద నుంచి మూడంగుళాల చదరం, 5 ఎం.ఎం. మందం ప్లేట్లు వేసి, 8.8 గ్రేడ్ (గట్టి ఉక్కు) 10 ఎం.ఎం. బోల్టులు, నైలాక్ నట్లతో (లోపలి నైలాన్ రింగు వల్ల వదులు కానివి) బిగించాను. అప్పటినుంచీ కదల్లేదు. బెల్టు మాత్రం సీటు ఫ్రేముకి కట్టకండి, సీటు ఊడితే బెల్టూ దానితోనే పోతుంది, దానికి వేరే ప్లేటు వేసి ఫ్లోరుకే బిగించండి.

డ్రిల్లు పెట్టే ముందు కింద పడుకుని చూడాలి. ఈ మోడల్‌లో పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది కాబట్టి వెనక ఆ భయం లేదు, కానీ బ్రేక్ పైపు ఛాసిస్ వెంటే వెళ్తుంది. వేరే బండయితే ట్యాంకు ఎక్కడుందో ముందు చూసుకోండి.

మెత్తటి సోఫా ఫోమ్ ఏడాదికే అణిగిపోయింది. జీపు కింద ఉండే ఈ కట్టల స్ప్రింగుల (ఉక్కు పట్టీలు) కుదుపుకి అది ఆగదు. తర్వాత వేసిన నాలుగంగుళాల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి నొక్కి చేసేది) మొదట్లో చెక్కలా ఉన్నా ఇప్పటికీ బాగుంది. వానకి కుట్లలోంచి నీళ్లు దిగి లోపల ముక్కవాసన వచ్చేది, అడుగు ప్లైవుడ్‌కి అయిదు రంధ్రాలు పెట్టాక పోయింది. నల్ల రెగ్జిన్ వద్దు, మే నెలలో తువ్వాలు లేకుండా కూర్చోలేం.

హెడ్‌రెస్ట్ లేకపోవడం నాకు ఇప్పటికీ నచ్చడం లేదు, ఈ వేసవిలో పెడతాను. సీట్ల సంఖ్య ఆర్‌సీలో ఉన్నదాన్ని దాటలేదు. మీరు సీటు పెంచాలనుకుంటే మాత్రం ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకున్నాకే వెల్డింగ్ మొదలుపెట్టండి.