3600 ర్యామ్‌తో ఇన్నేళ్లు: బోర్డు, ప్రాసెసర్ ఎంతవరకు సాయం చేశాయి?

తిరుపతి కొర్లగుంటలో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సిస్టమ్ పొద్దున్నుంచి రాత్రిదాకా ఆన్‌లోనే ఉంటుంది. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 3600, మదర్‌బోర్డు బి450, ర్యామ్ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న రెండు 8 జీబీ డీడీఆర్4 3600 స్టిక్కులు. ఇకపై 3600 అంటే ర్యామ్ వేగమే, ప్రాసెసర్ పేరులోని అంకె కాదు. ఇన్నేళ్లు వాడాక గట్టిగా చెప్పగలను: డబ్బా మీద రాసిన వేగం ర్యామ్ ఒక్కదాని చేతిలో లేదు.

ఇవే స్టిక్కులు మా అన్న కొడుకు కంప్యూటర్‌లో పెట్టి చూశాం. అది ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, బి460 బోర్డు. ర్యామ్ వేగం 2666 దాటలేదు. ఆ ఐ5కి ఇంటెల్ పెట్టిన హద్దే అంత, బి460లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ (ర్యామ్‌ని ఆ హద్దు దాటించి నడపడం) ఉండదు. 2021లో బి560 వచ్చాకే ఆ అడ్డు తొలగింది.

నా దాంట్లో బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎంపీ, అంటే స్టిక్కులోనే రాసి ఉండే వేగం సెట్టింగ్, ఆన్ చేయగానే 3600 వచ్చింది. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి అసలు క్లాక్ 1800 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి, ఇన్ఫినిటీ ఫాబ్రిక్ కూడా అదే 1800లో జోడుగా నడవడం వల్లే ఇది బాగుంటుంది. 3800 పెడితే ఫాబ్రిక్ 1900కి వెళ్లాలి, నా చిప్ అక్కడ బూటే కాలేదు. జోడు విడగొట్టి 4000 నడిపాను, లేటెన్సీ (డేటా అందడంలో ఆలస్యం) పెరిగింది తప్ప ఎడిటింగ్‌లో లాభం కనబడలేదు.

ఇక మన ఎండలు. చలికాలంలో రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) పాసైన సెట్టింగే మే నెల మధ్యాహ్నం ఎర్రర్లు చూపించింది. వేడెక్కితే ర్యామ్ సెల్స్‌లో ఛార్జ్ త్వరగా కారిపోతుంది. ముందువైపు ఇంకో ఫ్యాన్ బిగించాక ఎర్రర్లు పోయాయి. ఇది చిన్న విషయం కాదు. మెమరీ ఎర్రర్ వల్ల ఫైల్ చప్పుడు లేకుండా పాడవుతుంది, ఆ ముహూర్తాన్ని మళ్లీ షూట్ చేయలేం. వేసవి టెస్ట్ పాసవని వేగాన్ని నేను నమ్మను.

తర్వాత ఇంకో రెండు స్టిక్కులు కొని నాలుగు స్లాట్లూ నింపాను. 3600 నిలబడలేదు, 3200 దగ్గర కుదిరింది. నాది డెయిజీ చైన్ వైరింగ్ బోర్డు: లైను ఒక స్లాట్ దాటి చివరి స్లాట్‌కి వెళ్తుంది. చివరిది ఖాళీగా ఉంటే సిగ్నల్ దెబ్బతింటుంది, అందుకే రెండే ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టమంటారు. నాలుగూ నిండితే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీదా బరువు పెరుగుతుంది.

డీడీఆర్4 తర్వాతి తరం డీడీఆర్5లో ఈ తేడా ఇంకా ఎక్కువ. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చే లెక్క రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600. కొత్త సిస్టమ్ కట్టేటప్పుడు నేను 32 జీబీవి రెండే తీసుకుంటాను.