జిమ్ రీవ్స్ పాత ఎల్‌పీ: పాటకి పూర్తి మార్కులు, అమ్మిన షాపుకి సగం

పూర్ణా మార్కెట్ దగ్గర ఓ పాత సామాన్ల షాపులో 900 రూపాయలు పెట్టి అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్ హిట్ పాటల ఎల్‌పీ, అంటే పాతకాలం పెద్ద రికార్డు, కొన్నాను. షాపు పేరు రాయను. అట్ట మూలలు నలిగాయి, లోపల తెల్ల కవరు మీద గోధుమ రంగు మచ్చలు. సముద్రం గాలికి వైజాగ్‌లో ఏ కాగితమైనా అంతే అనుకోండి. "ఒక్క గీత కూడా లేదు బాబూ, కొత్త పెళ్లికూతురే" అన్నాడు షాపాయన. నమ్మేశాను.

కొన్నది మా అమ్మ కోసం. పెళ్లికి ముందు అమ్మావాళ్లు వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవారు. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం, డిసెంబరు వచ్చిందంటే వాళ్ల రేడియోగ్రామ్‌లో (రేడియో, రికార్డ్ ప్లేయరూ కలిసిన పెట్టె) పొద్దస్తమానం ఈయన క్రిస్మస్ పాటలేనట. అమ్మకి పేరు గుర్తులేదు, "మెత్తగా పాడే దొర" అనేది. ఎవరా అని నేను చాలా ఏళ్లు బుర్ర గోక్కున్నాను.

ఆ మెత్తదనం మొదట్నుంచీ ఉన్నది కాదు, నాకు బాగా నచ్చిన విషయం అదే. 1923లో టెక్సాస్‌లోని ఓ పల్లెలో పుట్టాడు, బేస్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నాడు, కాలి నరం దెబ్బతిని ఆట ఆగిపోతే రేడియోలో అనౌన్సర్‌గా చేరాడు. 1953లో మొదటి పెద్ద హిట్ వచ్చింది కానీ అప్పటికి ఆయన కూడా అందరిలాగే గొంతెత్తి పాడేవాడు. 1957లో 'ఫోర్ వాల్స్' పాటకి మైకుకి బాగా దగ్గరగా జరిగి, పక్కన కూర్చున్నవాళ్లతో చెప్పినట్టు నెమ్మదిగా పాడాడు. ఇక అక్కణ్నుంచి అదే ఆయన బాణీ అయిపోయింది. నిర్మాత చెట్ అట్కిన్స్ కూడా పాత కంట్రీ పాటల్లోని (అమెరికా పల్లెల బాణీ అది) ఫిడేలు గోల తగ్గించి పియానో, వెనకాల కోరస్ పెట్టి గొంతుకి చోటిచ్చాడు. 1959 చివర్లో వచ్చిన 'హీల్ హావ్ టు గో' అయితే అసలు రికార్డుకి రెండో వైపు పాట, మొదటి వైపు ఇంకేదో ఉంది. రేడియోవాళ్లు తిప్పి వేశారు, కంట్రీ చార్టులో 14 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. పాటంతా ఫోన్‌లో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అలాంటి పాట అరిచి పాడితే ఏం బావుంటుంది చెప్పండి.

ఇప్పుడు నా గొడవ. ఇంటికొచ్చి అమ్మని కూర్చోబెట్టి ముల్లు దించాను. రెండు పాటలు బ్రహ్మాండం. మూడో పాట మధ్యలో ఆగింది, ఒకే మాట, మళ్లీ అదే మాట, మళ్లీ అదే. అరిగిపోయిన రికార్డు అని మనుషుల్ని అంటూ ఉంటాం కదా, ఆ సాయంత్రం అసలుది విన్నాం. మర్నాడు పట్టుకెళ్తే షాపాయన కనీసం కవర్లోంచి బయటికి తీసి చూడలేదు. "మీ ముల్లు బాగోలేదేమో, ఓసారి చూసుకోండి" అని చెప్పి, ఇంకో రికార్డు కొంటే వంద తగ్గిస్తానన్నాడు. ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే, సరిగ్గా ఆ పాట దగ్గర ఆవగింజ కన్నా చిన్న తెల్లటి చుక్క. గోటితో మెల్లగా తీస్తే పెచ్చులా ఊడొచ్చింది. మైనం. ఎవరో కొవ్వొత్తి పట్టుకుని రికార్డు మార్చారన్నమాట! "కరెంటు పోయుంటుందిలే" అంది అమ్మ. కరెంటు లేకపోతే రికార్డు ఎలా తిరుగుతుందమ్మా అంటే నవ్వి ఊరుకుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి, గాడి వెంటే గుండ్రంగా తుడిచాను. ఇప్పుడు అక్కడక్కడా కాస్త చిటచిట తప్ప ముల్లు ఎక్కడా ఆగట్లేదు. అంటే షాపాయన చెప్పింది నిజమే, గీత లేదు. ఆ రెండు నిమిషాలు లైటు వేసి ఆయనే చూసుంటే నేను ఐదు మార్కులకి ఐదూ వేసేవాణ్ని. రెండున్నర.

ఫోన్‌లో ఫ్రీగా వస్తుంటే 900 ఎందుకంటారా? ఫోన్‌లో నేనూ విన్నాను. ఎల్‌పీలో ఆయన పదానికీ పదానికీ మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది, అది నా చెవుల భ్రమేమో నాకు తెలీదు, అమ్మ మాత్రం "ఇదే, ఇలాగే వినబడేది" అంది.

ఆయన పోయిన సంగతి చెప్పేసరికి అమ్మ కాసేపు మాట్లాడలేదు. 1964 జులై 31న తన చిన్న విమానం తనే నడుపుతూ నాష్‌విల్ దగ్గర గాలివానలో చిక్కుకుని కూలిపోయాడు, పక్కన పియానో వాయించే ఆయన స్నేహితుడు కూడా ఉన్నాడు. రెండు రోజులు వెతికితే గానీ దొరకలేదు. నలభై ఏళ్లే. చనిపోయిన రెండేళ్లకి, 1966లో, ఆయన పాట ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. "మరి మేం విన్నప్పటికే పోయాడా" అని అడిగింది. అవునన్నాను.

వెళ్లేవాళ్లు ఫోన్ ఛార్జింగ్ నిండా పెట్టుకెళ్లండి, ప్రతి రికార్డూ లైటు వేసి చూడండి, అడిగిన రేటులో మూడోవంతు తగ్గించి మొదలెట్టండి. క్రిస్మస్ పాటల ఎల్‌పీ వస్తే నాకోసం పక్కన పెట్టమని అదే షాపాయనకి చెప్పొచ్చాను. ఏం చేస్తాం, ఊళ్లో నాకు తెలిసి ఇంకెవరి దగ్గరా లేవు.